కుంటు, అంగ, దూకు: మూడు గంతుల పందెపు చరిత్ర

మన పల్లెలలో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల యాడుట మీరందరు చూచినదే. నేలపై గడులు గీచి, బిళ్ల విసరి, ఒంటికాలిపై కుంటుచు గడి వెంట గడి దాటుదురు. మగపిల్లల కుంటాటయు నట్టిదే. చేలగట్టునుండి గట్టునకు అంగ వేయుట, పిల్లకాలువను ఒక్క దూకున దాటుట మన రైతుబిడ్డలకు నిత్యకృత్యములు. ఈ మూడింటిని, అనగా కుంటును, అంగను, దూకును, నడుమ నిలువక ఒకదానివెంట నొకటి చేర్చినచో ఒక పందెమగును. దీనిని ఆంగ్లమున పూర్వము ‘హాప్, స్టెప్ అండ్ జంప్’ అనుచుండిరి; ఇప్పుడు ‘ట్రిపుల్ జంప్’ అనుచున్నారు. మనము మూడు గంతుల పందెమందము. దీని చరిత్రను, ఇందు పుట్టు దోషములను పోల్చుకొని దిద్దు విధమును నేడు మీకు మనవి చేయుదును.

ఈ సంగతి మనకేల యని మీరడుగవచ్చును. సోమశిల మొదలు ఆత్మకూరు, ఉదయగిరి వరకు గల పాఠశాలలలో చదువు బిడ్డలు మండల పందెములకు, జిల్లా పందెములకు పోవుచున్నారు. బిడ్డ దూకునపుడు గుంట ప్రక్కన నిలిచి కేకలు వేయువారము మనమే. “ఎగురరా, ఇంకను ఎత్తుగా ఎగురరా” అని మనము ప్రేమతో నరచెదము. ఆ మాటయే బిడ్డకు కీడు చేయునని పెక్కురెరుగరు. ఈ పందెమున నడిమి గంతు వేయునపుడు ఒంటికాలిపై పడు తాకిడి శరీరభారమునకు పది మడుగులు మించునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పియున్నారు. ఆ తాకిడిని సరిగా మోయని కాలు మడమకడనో, మోకాటికడనో, నడుముకడనో చెడును. చెడిన మోకాలు పందెముతో పోదు. నాగటి చాలున, మడి గట్టున, ముసలితనమున సైతము వెంట వచ్చును. కావున ఇది పతకముల ప్రసంగము మాత్రమే కాదు, బిడ్డల కాళ్ల ప్రసంగము.

మొదట పందెపు విధము చెప్పవలెను. దూకువాడు దూరమునుండి పరుగెత్తి వచ్చి, నేలలో పాతిన పలకపై ఒక పాదము మోపి యెగురును. అది కుడిపాదమైనచో మరల కుడిపాదముపైననే దిగవలెను, ఇది కుంటు. అటనుండి లేచి ఎడమపాదముపై దిగవలెను, ఇది అంగ. ఎడమపాదముతో తన్నుకొని ఇసుకగుంటలో రెండు పాదములతో పడవలెను, ఇది దూకు. పలక ముందంచు మొదలు ఇసుకలో దేహము తాకిన సమీపపు గురుతు వరకు కొలుతురు. అంతర్జాతీయ పందెములలో పలకకును ఇసుకకును నడుమ పురుషులకు 13 మీటర్లు, స్త్రీలకు 11 మీటర్లు ఎడముండును. బాలబాలికలకు పలకను ఇంకను దగ్గరకు జరుపవలెను. జరుపనిచోట ఇసుకనందుకొనవలెనను ఆత్రముతో బిడ్డ కాలు సాగదీయును. దోషములలో సగము అక్కడనే పుట్టును.

మూడడుగులనగానే మనకు త్రివిక్రముడు తలపునకు వచ్చును. ఆయన రెండడుగులతోనే భూమ్యాకాశములను కొలిచి మూడవదానికి చోటడిగెను. మానవునకు మాత్రము మొదటి రెండడుగులు పొదుపుగా వేసిననే మూడవదానికి బలము మిగులును. ఈ పందెపు మర్మమంతయు ఇంతియే. పరుగులో కూర్చిన వేగము మూలధనము వంటిది. ప్రతి గంతున కొంత వ్యయమగును. మొదటి గంతులో అంతయు ఖర్చు చేసినవానికి మూడవ గంతున చేతిలో నేమియు మిగులదు. అయితే చూచువారికి అగపడునది మూడవ గంతే. వాడు ఇసుకలో కూలబడగనే “వీనికి దూకరాదు” అని తీర్పు చెప్పెదము. తప్పు జరిగినది అంతకు రెండు గంతుల ముందు.

ఆయుర్వేదమున లక్షణము వేరు, నిదానము వేరు. తలనొప్పి లక్షణము, దాని నిదానము అజీర్ణము కావచ్చును. తలకు పట్టు వేసినంతనే అజీర్ణము పోదు. సోమశిలవద్ద వెలికొండలను చీల్చుకొని పెన్న దిగివచ్చుట చూచిన మనకు నీటి సాక్ష్యమును కలదు. కాలువ చివరి మడి యెండినచో రైతు ఆ మడిలో గండి వెదకడు. గట్టు పట్టుకొని పైకి నడచి, నీరు ఎక్కడ తప్పినదో అక్కడ మట్టి వేయును. మూడు గంతుల పందెమునకును ఇదియే న్యాయము. దోషము అగపడుచోట పుట్టదు. ఒక అడుగు వెనుక పుట్టును.

ఈ మాట లోకమునకు ఒక్కనాట తెలిసినది కాదు. తెలియుటకు నూరేండ్లు పట్టినది.

1896 లో ఏథెన్సు నగరమున నవీన ఒలింపిక్కు క్రీడలు మొదటిసారి జరిగినపుడు, అందు తొట్టతొలి విజేత ఈ పందెమున గెలిచినవాడే. అతడు అమెరికావాడైన జేమ్స్ కనోలీ. దూకినది 13.71 మీటర్లు, అనగా మన కొలతలో ముప్పది మూరలకు అంగుళము లోపు. అతడు వేసినది నేటి పద్ధతి కాదు. ఒకే కాలిపై రెండు కుంటులు కుంటి, పిదప దూకెను. అతని పూర్వుల దేశమైన ఐర్లండులో అది వాడుక. పిమ్మట కుంటు, అంగ, దూకు అను క్రమమే స్థిరపడెను. ఐర్లండున పుట్టి అమెరికాలో స్థిరపడిన డాన్ ఎహర్న్ అనువాడు 1911 లో 15.52 మీటర్లు దూకెను. ఆ కొలతను దాటుటకు లోకమునకు 13 యేండ్లు పట్టినది. 1924 లో పారిసున ఆస్ట్రేలియావాడైన నిక్ వింటర్ దానిని వెండ్రుకవాసి దాటెను. ఆ కాలమున పెక్కురు మొదటి గంతున శక్తికొలది ఎగిరి, రెండవదానిని కేవలము పడిపోకుండ నిలుపుకొను చిన్నయడుగుగా వేసి, మూడవదానిని కాలముతో కలిసివచ్చినంత దూకుచుండిరి. నడిమి అంగ అనాథవలె నుండెను.

ఆ యనాథకు ఆదరము చూపినవారిలో జపానువారు ముఖ్యులు. 1928 లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపిక్కున మికియో ఓదా 15.21 మీటర్లు దూకి స్వర్ణము గొనెను. ఒంటరి పందెములలో ఆసియా ఖండమున కబ్బిన మొదటి ఒలింపిక్కు స్వర్ణమదియే. తరువాత టోకియో నగరపు జాతీయ క్రీడారంగమున అతని గౌరవార్థము సరిగా 15.21 మీటర్ల ఎత్తుగల ధ్వజస్తంభమును నిలిపిరి. 1932 లో లాస్ ఏంజిలిసున చూహే నంబు 15.72 మీటర్లతోను, 1936 లో బెర్లినున నావోతో తాజిమా సరిగా 16 మీటర్లతోను గెలిచిరి. వరుసగ మూడు ఒలింపిక్కులు ఒక్క దేశమువారే గెలుచుట యాకస్మికము కాదు. ముందు దూకినవాడు నేర్చినది వెనుకవానికి చెప్పెను. వెనుకవాడు దానికి కొంత చేర్చెను. గురుశిష్య పరంపర యనగా నిదియే గదా.

పిదప బ్రెజిలు దేశపు అధెమార్ ఫెరైరా ద సిల్వా 1952, 1956 సంవత్సరములలో రెండు స్వర్ణములు గొనెను. ఆ దశకముననే రెండు సంప్రదాయములు ఎదురెదురుగా నిలిచెను. సోవియట్టు వారిది బలసంప్రదాయము: కాళ్లకు కండ పెంచి, మొదటి గంతున ఎత్తుగా లేచి, ఆ తాకిడిని కండబలముతో ఓర్చుట. పోలండు వారిది వేగసంప్రదాయము: నీటిపై విసరిన పలుచని రాయి తాకి తాకి సాగునట్లు, తక్కువ యెత్తున లేచి, నేలను ముట్టి ముట్టి ముందునకు పోవుట. పోలండు శిక్షకుడు తాదేవుష్ స్టార్జిన్‌స్కీ ఈ రెండవ మార్గమున ప్రసిద్ధుడు. ఆ దేశపు యోజెఫ్ ష్మిట్ 1960 ఆగస్టున 17.03 మీటర్లు దూకి, 17 మీటర్ల గీటు దాటిన మొదటి మానవుడయ్యెను. 1960, 1964 ఒలింపిక్కులు రెండింటను గెలిచెను. 1964 లో మోకాటికి శస్త్రచికిత్స జరిగిన కొలదికాలమునకే టోకియోకు వచ్చి గెలుచుట విశేషము. తరువాత సోవియట్టుదేశపు విక్టర్ సనేయెవ్ 1968, 1972, 1976 లలో వరుసగ మూడు స్వర్ణములు గొనెను. 1968 లో మెక్సికోలో రెండు దినములలో లోకపు మేటి కొలత ఐదుమారులు మారెను. 1995 ఆగస్టున స్వీడనులోని గోథెన్‌బర్గు నగరమున ఇంగ్లండువాడైన జోనాథన్ ఎడ్వర్డ్స్ 18.29 మీటర్లు దూకెను. అది సరిగా 60 అడుగులు, మన నలువది మూరలు. మూడు పదుల యేండ్లు గడచినను ఆ కొలతను దాటినవారు లేరైరి. స్త్రీలకు ఒలింపిక్కులలో ఈ పందెము 1996 నుండి మాత్రమే కలిగినది. 2022 లో వెనెజువేలా దేశపు యులిమార్ రోహాస్ 15.74 మీటర్లు దూకెను. 1928 లో ఓదా పురుషులలో గెలిచిన దూరముకన్న నిది అరమీటరు ఎక్కువ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వినుడు. లెక్కల పంతులు చెప్పు లెక్కవలె గాక, కాటాలో తూచి చూచునట్టి లెక్క యిది. 1960 లో ష్మిట్ వేసిన 17.03 మీటర్లలో కుంటు 5.99, అంగ 5.02, దూకు 6.02. 1995 లో ఎడ్వర్డ్స్ వేసిన 18.29 లో కుంటు 6.05, అంగ 5.22, దూకు 7.02. నడుమ 35 యేండ్లు. మొత్తమున పెరిగినది ఒక మీటరు 26 సెంటీమీటర్లు. అందు మొదటి గంతున పెరిగినదెంత? ఆరు సెంటీమీటర్లు, అనగా మూడువ్రేళ్ల వెడల్పు. నడిమి గంతున పెరిగినది జానెడు. మూడవ గంతున నిండుగా ఒక మీటరు. లోకపు మేటివాడు మొదటి గంతును పెంచుకొని మేటివాడు కాలేదు. మొదటి రెండింట వేగమును పోగొట్టుకొనక, దానిని మూడవ గంతునకు దాచుకొని మేటివాడయ్యెను. “ఎత్తుగా ఎగురరా” అను మన కేక ఎంత యపాయకరమో ఈ లెక్కయే చెప్పుచున్నది.

మన దేశపు కథకు వత్తము. మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నుండిన దినములలో, 1920 లో, మద్రాసున వై.ఎం.సి.ఏ. శారీరక విద్యా కళాశాలను అమెరికావాడైన హ్యారీ క్రో బక్ నెలకొల్పెను. ఆయన 1924 పారిసు ఒలింపిక్కునకు భారతజట్టును నడిపించుకొని పోయినవాడు. పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులకు పద్ధతి ప్రకారము శిక్షణ నిచ్చుట దక్షిణదేశమున అక్కడ మొదలయ్యెను. అంతకుముందు డ్రిల్లు అనగా వరుస నిలిపి చేతులెత్తించుటయే. దేహము కదలు తీరును గమనించి తప్పు దిద్దుట యొక విద్యయని తెలియజెప్పినది ఆ కళాశాల.

ఇక హెన్రీ రెబెల్లో కథ. ఇది ప్రతి వ్యాయామోపాధ్యాయుడును, ప్రతి తండ్రియు వినవలసినది. 1948 లో ఈ యువకునికి 19 యేండ్లు. ఆ సంవత్సరము అతడు 50 అడుగుల 2 అంగుళములు, అనగా 15.29 మీటర్లు దూకెను. దేశము స్వతంత్రమై యేడాది నిండుచున్న దినములవి. లండను ఒలింపిక్కున ఈ బాలుడు స్వర్ణము తెచ్చునని ఆశపడినవారు మన దేశముననే గాక బయటను ఉండిరి. అర్హతపోటీలో నెగ్గి తుదిపోటీకి వచ్చెను. ఆనాడు లండనున చలి. తన వంతు రాగా దేహమును వేడి చేసికొని పరుగునకు సిద్ధముగా నుండగా, మరియొక పందెపు బహుమాన ప్రదానము జరుగుచున్నదని అతనిని ఆపిరి. చలిలో నిలుచుండి వేచెను. ఉత్సవము ముగియగనే దూకుమనిరి. చల్లబడిన కండరములను మరల వేడి చేసికొనకయే అతడు పరుగెత్తెను. పలకపై తన్నినంతనే తొడ వెనుకటి కండరము తెగెను. ఇసుకలో పడిన యాతనిని ఎత్తుకొని పోవలసివచ్చెను. ఆనాడు స్వీడనువాడైన ఆర్నె ఓమన్ 15.40 మీటర్లతో స్వర్ణము గొనెను. రెబెల్లో దూకియున్న దూరమునకును దానికిని భేదము 11 సెంటీమీటర్లు, బెత్తెడునకు కొంచెము మించు. మూడవవాడైన తురుష్కుడు రూహి సరియాల్ప్ దూకినది 15.02. ఆ ఒలింపిక్కు తరువాత రెబెల్లో ఆ పందెమున లోకవేదికపై మరల మెరయలేదు. వైమానిక దళమున చేరెను.

ఈ కథలో దోషమెక్కడ? తొడలో తెగినది లక్షణము. పలకపై తన్నినపుడు తెగినదనుట అగపడినచోటు మాత్రమే. నిదానము అంతకు కొన్ని నిమిషముల ముందు, చలిలో నిలుచున్న కాలమున నున్నది. దూకు నేర్పు గొప్పది, బలము గొప్పది, ఆ కొన్ని నిమిషముల వేడి లోపించినది. అంతమాత్రమున ఒక జీవితపు ఆశ ఇసుకపాలయ్యెను. నేడు మన జిల్లా పందెములలో బిడ్డలు ప్రొద్దుటనుండి ముఖ్యాతిథికొరకు ఎండలోనో మంచులోనో కూర్చుండి, పేరు పిలువగనే లేచి పరుగెత్తుట మనము చూడమా?

తరువాతి కాలమున మన దేశము ఈ పందెమున వెనుకబడలేదు. 1958 లో టోకియో ఆసియా క్రీడలలో మొహిందర్ సింగు స్వర్ణము గొనెను. 1961 లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ వెలసి, శిక్షకులకు శాస్త్రీయముగా శిక్షణ నొసగ నారంభించెను. 1970 లో బాంకాకున మొహిందర్ సింగు గిల్, 2018 లో జకార్తాలో అర్పిందర్ సింగు ఆసియా స్వర్ణములు గొనిరి. 2022 లో బర్మింగుహాము కామన్‌వెల్తు క్రీడలలో ఎల్దోస్ పాల్ 17.03 మీటర్లతో స్వర్ణమును, అబ్దుల్లా అబూబకర్ 17.02 మీటర్లతో రజతమును గొనిరి. వ్రేలి మందము భేదముతో ఇద్దరును కేరళమువారు. 2023 లో మన పొరుగు తమిళదేశపు యువకుడు ప్రవీణ్ చిత్రవేల్ హవానా నగరమున 17.37 మీటర్లు దూకెను. ఇరుగుపొరుగులకు సాధ్యమైనది మన పెన్నాతీరపు బిడ్డలకు అసాధ్యమనుటకు హేతువు లేదు. కావలసినది దోషమును మొదటనే పోల్చుకొను కన్ను.

కన్ను అంటిని గాని, ముందుగా చెవి కావలెను. ఇది మంచి శిక్షకులెరిగిన ఉపాయము. బిడ్డ దూకునపుడు మీరు కన్నులు మూసికొని పాదముల చప్పుడు వినుడు. పలకపై ఒకటి, కుంటు దిగినపుడు రెండు, అంగ దిగినపుడు మూడు. ఈ మూడు చప్పుళ్లును సమముగా, తాళము తప్పక, ‘తాం, తాం, తాం’ అని వినబడవలెను. ‘తాం, తాం, త’ అని చివరి రెంటి నడుమ ఎడము కుదించుకొని పోయినచో నడిమి అంగ కురుచయైనదన్నమాట. పద్యము చదువుచు గురువుండవలసినచోట లఘువు పడినచో చెవికి తెలియును గదా! చందస్సు తెలిసిన చెవికి ఈ గణభంగమును తెలియును. ఇందులకు ఏ యంత్రమును అక్కరలేదు.

తరువాత కన్ను. శిక్షకుడు ఇసుకగుంటవద్ద నిలువరాదు. కుంటు దిగుచోటికి సరిగా ప్రక్కగా, కొంత దూరమున నిలువవలెను. నేడు సెల్లుఫోనులో కదలికను నెమ్మదిగా చూపు సదుపాయము కలదు. ప్రక్కనుండి ఒకసారి, ఎదుటినుండి ఒకసారి తీసి చూచుకొనవచ్చును. నేలపై పాదముల గురుతులును సాక్ష్యము చెప్పును. సన్నని దుమ్ము చల్లి దూకించినచో మూడు గంతుల కొలత తేటగా తెలియును.

ఇట్లనుకొందము: ఒక బాలుడు కుంటున 4 మీటర్ల 60, అంగలో 2 మీటర్ల 60, దూకున 3 మీటర్ల 60 సెంటీమీటర్లు వేసి, మొత్తము 10 మీటర్ల 80 సాధించెను. చూచువారు అంగ బలహీనమందురు. అంగను సాధన చేయింతురు. అది ఎండిన మడిలో గండి వెదకుట. కుంటున మితిమీరి యెగిరినందున నేలపై బరువుగా పడి, మోకాలు క్రుంగి, అంగ వేయ బలము లేకపోయినది. మందు కుంటున వేయవలెను. నేలపై సున్నముతో గీతలు గీచి, కుంటున 4 మీటర్లకు మించరాదని కట్టడి చేయవలెను. కుంటునకు నూటికి 35, అంగకు 30, దూకునకు 35 పాళ్లు నేర్చువానికి తగిన మితము. 12 మీటర్లు కోరువాడు 4.20, 3.60, 4.20 గా గీతలు గీచుకొనవచ్చును. మొదట తగ్గించినందున నష్టమని బిడ్డ దిగులుపడును. కొలిచి చూపినచో సమాధానపడును.

రెండవ దోషము, కాలు ముందునకు చాచి మడమతో నేలను గ్రుద్దుట. దూరము దొరకునని బిడ్డ పాదమును దేహమునకు ముందు విసరును. అది పరుగెత్తు బండికి మోకుకట్టి వెనుకకు లాగినట్లు. వేగమంతయు అక్కడ చచ్చును, మడమ వాచును. నేలను తాకునపుడు పాదము అప్పటికే వెనుకకు కదలుచుండవలెను. గిత్త కాలితో నేలను దువ్వును చూడుడు, అట్లు పాదమంతయు పరచి నేలను దువ్వి వదలవలెను. దీనిని దిద్దుటకు మొదట పరుగులేక, గడ్డిపై నెమ్మదిగా ఒంటికాలిపై కుంటుచు దువ్వుటను అలవాటు చేయింపవలెను. చప్పుడు తగ్గినచో దోషము తగ్గినదని గురుతు.

మూడవది, నడుము వంగుట. అంగలో తల ముందునకు వ్రాలి, నడుము మడతపడును. చేతులు తూలువానివలె నలుదిక్కుల నాడును. చేతులను దిద్దబోకుడు, చేతులు లక్షణము మాత్రమే. బిడ్డ పలకను వెదకుచు నేల చూచుటయే నిదానము. పరుగు ఆరంభముననే గుంట కావల నొక చెట్టును చూపి, దానిపై చూపు నిలుపుమనవలెను. చూపు నిలిచినచో తల నిలుచును. తల నిలిచినచో నడుము నిలుచును. చేతులు వాటంతట నవియే కుదురుకొనును.

పలకను వెదకక తప్పదు గదా యందురా? ఇదియే నాలుగవ దోషమునకు దారి, పరుగు చెడుట. పలక సమీపమున అడుగులను చిన్నవిగా కొట్టుకొనుచు, లేదా సాగదీయుచు వచ్చువాడు వేగము పోగొట్టుకొనును. తప్పు పలకవద్ద అగపడును. పుట్టినది పరుగు మొదటి నాలుగైదు అడుగులలో. ఒకసారి నడచి మొదలుపెట్టును, ఒకసారి ఎగిరి మొదలుపెట్టును, ఒకసారి గుంపు కేకలకు బెదరి మొదలుపెట్టును. ప్రతిమారును ఒకే పాదముతో, ఒకే తీరున ఆరంభింపజేసి, ఆరవ యడుగు పడుచోట గురుతు పెట్టి చూడుడు. ఆ గురుతు కుదిరినచో పలక దానంతట నదియే కాలిక్రిందికి వచ్చును. అట్టివాడు పలకను చూడనక్కరలేదు.

ఒక ముఖ్యనియమము. ఒక దినమున ఒక్క దోషమునే దిద్దవలెను. నాలుగు మాటలు ఒక్కసారి చెప్పినచో బిడ్డ నాలుగును మరచును. నాలుగు మందులు కలిపి యిచ్చు వైద్యుని రోగివలె వాని స్థితియగును. మొదట పరుగు, పిదప కుంటు, పిదప అంగ, చివర దూకు. పై కాలువనుండి క్రిందికి రావలెను. మొదటిది దిద్దినచో తక్కినవి సగము తమంత తామే దిద్దుకొనును.

పథ్యము సంగతియు చెప్పవలెను. సాధనకు ముందు చెమట పట్టువరకు నెమ్మదిగా పరుగు, కాళ్లు సాగదీయుట, చిన్నగంతులు ఉండవలెను. వంతు ఆలస్యమైనచో మరల చేయవలెను. పందెము నడుపువారు తొందరపెట్టినను, “అయ్యా, రెండు నిమిషములు” అని పెద్దవారొకరు బిడ్డ పక్షమున అడుగవలెను. రెబెల్లో పక్షమున ఆనాడు అట్లడిగినవారు లేకపోయిరి. ఇసుకను దూకుటకు ముందు లోతుగా త్రవ్వి, తడిపి, చదును చేయవలెను. యెండి బిగిసిన గుంట బండతో సమానము. సిమెంటుపై, తారుబాటపై ఈ గంతులు వేయింపరాదు. యెదుగుచున్న పిల్లలచే నిండుపరుగుతో దినదినమును దూకింపరాదు. వారికి తొక్కుడుబిళ్లయు, కుంటాటయు, గడ్డిపై చిన్నగంతులును చాలును. మోకాలు నొచ్చుచున్నదన్న బిడ్డను పిరికివాడనరాదు. ఆ నొప్పి దోషము పంపిన కబురు. కబురు తెచ్చినవానిని కసరినచో కబురు ఆగదు.

పెద్దలారా, మనలో పెక్కురము పరుగెత్తు వయసు దాటినవారము. గుంట ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండువారము. అయినను మన చేతిలో రెండు కార్యములు గలవు. పాఠశాల మైదానమున గుంట త్రవ్వించి మెత్తని ఇసుక పోయించుట మొదటిది. బండి ఇసుకయు, ఇద్దరు కూలీల దినకూలియు దీనికి చాలును. నోరు అదుపున నుంచుకొనుట రెండవది. బిడ్డ కూలబడినపుడు నవ్వక, “ఎగురరా” యని అరవక, కన్నులు మూసి ఆ మూడు చప్పుళ్లను వినుడు. ఎక్కడ తాళము తప్పినదో వ్యాయామోపాధ్యాయునికి మెల్లగా చెప్పుడు. వాని చదువులోనైనను, నడవడిలోనైనను తప్పు అగపడినపుడు ఒక అడుగు వెనుకకు పోయి చూచు నలవాటు మనకు దానివలన కలిగినచో, అదియు లాభమే.